బూడిద మీద అడుగులు

పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. అయినా మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్‌లో, పాత బొగ్గు గని ప్రహరీ గోడ వెంబడి ఉన్న ఆ వీధి అప్పుడే తలుపులు బిగించుకుంటోంది. ఐలమ్మ తీగ మీది బట్టలను ఒక్కొక్కటీ విదిలించి తీస్తోంది. విదిలించకపోతే థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాల బూడిద బట్టలతోపాటు ఇంట్లోకి వచ్చేస్తుంది. ఎదురింటివాళ్లు కుక్కను గొలుసు పట్టుకుని లోపలికి లాగుతున్నారు. "లోపటికి రాండ్రి, చిర్తపులి వస్తది!" అని తల్లులు పిల్లలను కేకేస్తున్నారు. పిల్లలకు అన్నం తినిపించడానికి అనే ఉత్తుత్తి బెదిరింపు కాదది. గోడ అవతల తుప్పలు, తుప్పల వెనక పాత బొగ్గు గనుల మట్టిగుట్టలు. ఆ గుట్టల్లోంచి చిరుత నిజంగానే వస్తోంది. కిందటి వారమే రెండిళ్ల అవతల ఒక మేకను ఎత్తుకుపోయింది.

రోజూ చీకటి పడ్డాకే ఇల్లు చేరే ఐలమ్మ కూతురు సుభాషిణి ఆ రోజు ముందే వచ్చి, అరుగు మీద కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతోంది. చంద్రపూర్‌లో ఒక కాలేజీలో ఆమె గంటల లెక్కన పనిచేసే అధ్యాపకురాలు. ఆర్ట్స్ అయినా, కామర్స్ అయినా, సైన్స్ అయినా మొదటి సంవత్సరం వాళ్లందరూ చదవాల్సిన ఉమ్మడి పాఠం ఒకటుంది. దాని పేరు 'పర్యావరణం, సమాజం'. డిగ్రీ ఏదైనా సరే, మనిషి తన చుట్టూ ఏం జరుగుతోందో గమనించాలి, కారణం వెతకాలి, నలుగురికీ విడమరిచి చెప్పగలగాలి అన్నది ఆ పాఠం ఉద్దేశం. వినడానికి ఎంత బాగుంది!

ఊళ్లలోకి అడవి జంతువులు ఎందుకు వస్తున్నాయి అన్నది అందులో ఒక ప్రశ్న. అందరూ అవే ఏడు కారణాలు, అదే వరుసలో రాశారు. మూడో కారణంలో ఒక మరాఠీ మాట తప్పు రాశారు. ఆ తప్పు కూడా అందరిదీ ఒకటే. వాళ్లలో సతీష్ అనే కామర్స్ కుర్రాడి జవాబు అచ్చుపోసినట్టు ఉంది. సుభాషిణి సంతోషంగా పదికి పది వేసింది.

అప్పుడే గోడ దగ్గర ఒక స్కూటీ ఆగిన చప్పుడైంది. ఆమె తలెత్తి చూసింది. సతీష్! అదే వీధి చివర వాళ్ల నాన్న సమ్మన్నకు కోడిమాంసం దుకాణం ఉంది. కుర్రాడు స్కూటీ మీంచి పెద్ద టబ్బు దించి, గోడకున్న కంతలోంచి అవతలికి వంచేశాడు. ఈకలు, పేగులు, తలకాయలు. ఎక్కడెక్కడి కుక్కలో పరుగెత్తుకొచ్చాయి.

"సతీష్! ఏం చేస్తున్నవ్?"

"నమస్తే మేడం. దుకాణం కచరా పారబోస్తున్న."

"ఇక్కడనా?"

"రోజూ గిక్కడ్నే మేడం. అన్ని దుకాణాలోల్లు గిక్కడ్నే పోస్తరు."

"పోయిన వారం పరీక్షల రాసినవ్ కదా, చిర్తపులులు ఊర్లకెందుకొస్తయని. మూడో కారణం ఏంది, చెప్పు."

సతీష్ టబ్బు కింద పెట్టి నిటారుగా నిలబడ్డాడు. ఊరి చివర మాంసం వ్యర్థాలు పారేయడం వల్ల కుక్కలు, పందులు చేరతాయనీ, వాటి కోసం చిరుతలు వస్తాయనీ స్వచ్ఛమైన మరాఠీలో అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు. సరిగ్గా చెప్పానా అన్నట్టు నవ్వాడు కూడా.

"మరి గిదేంది?" అని సుభాషిణి గోడ అవతలికి వేలు చూపించింది.

సతీష్ టబ్బు వంక చూశాడు, మేడం వంక చూశాడు. ఆమె ఏం అడుగుతోందో అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"అది పేపర్ల రాసేది మేడం," అన్నాడు వినయంగా. "ఇది దుకాణం పని."

స్కూటీ వెళ్లిపోయింది. అరుగు మీద ఎర్ర సిరాతో ఆ పదికి పది అలాగే మెరుస్తోంది. కుర్రాడిని తిడదామంటే నోరు రాలేదు. ఆ ఏడు కారణాలు వరుసగా చెప్పి రాయించింది తనే. పరీక్షకు ఇదే వస్తుంది, బట్టీ పట్టండి అన్నది తనే. ఆ మూడో కారణంలోని అక్షర దోషం కూడా తను బోర్డు మీద హడావుడిగా రాసిందే.

చదువరులారా, సతీష్ చెడ్డవాడు కాడు, మొద్దు అంతకంటే కాడు. మనం చెప్పింది చెప్పినట్టు నమ్మిన కుర్రాడు. చదువు ఒక గదిలో, బతుకు ఒక గదిలో ఉంటాయనీ, రెంటి మధ్య తలుపు లేదనీ చిన్నప్పటి నుంచి మనమే నేర్పాం. వాడు బాగా నేర్చుకున్నాడు.

*

కాలేజీలో ఆ రోజుల్లో ఎవరిని కదిలించినా ఒకటే మాట. ఫిబ్రవరి చివర బయటి నుంచి పరిశీలన బృందం వస్తోంది. వాళ్లిచ్చే గ్రేడు మీదే కాలేజీ పరువు ఆధారపడి ఉంటుంది. ప్రతి పాఠం ముగిశాక విద్యార్థికి ఏం చేయడం రావాలి, ఎంతమందికి వచ్చింది అన్నది వాళ్లు ముఖ్యంగా అడుగుతారు. అందుకోసం ప్రతి అధ్యాపకుడూ ఒక పట్టిక ఇవ్వాలి. పని చాలా తేలిక. పరీక్ష మార్కులను అలాగే ఎత్తి పట్టికలో పోస్తే, నూటికి తొంబై మందికి అన్నీ వచ్చేసినట్టు తేలుతుంది. ఆ తొంబై చూసుకుని అందరూ చేతులు దులుపుకుంటారు.

ప్రిన్సిపాల్ అనంతరావుది రాజురా దగ్గర పాత తెలుగు రైతు కుటుంబం. మరాఠీలోనే చదివి, మరాఠీలోనే ఉద్యోగం చేసిన మనిషి. తెలుగువాళ్లు ఎదురైతే మాత్రం నోట్లోంచి ఊరి తెలుగే వస్తుంది. సుభాషిణి చెప్పిందంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"హే బఘా, ఇటు చూడండ్రి మేడం. మార్కులున్నయ్. పిల్లగాండ్లు పాసైండ్రు. ఇంకేంది?"

"సార్, వాళ్లకు రాసుడొచ్చింది. మన పాఠం ఏం నేర్పాలని రాసుకున్నం? 'తన పరిసరాల్లోని సమస్యకు కారణం గుర్తించి, ఇంటివాళ్లకు వివరించగలడు' అని. అది ఎవరికన్న వచ్చిందా అని ఒక్కసారైనా చూసినమా?"

"గవన్ని కాగితం మాటలు."

"సతీష్ గూడ గదే అన్నడు సార్," అంది సుభాషిణి.

అనంతరావుకు అది గుచ్చుకుంది. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "సరే, మీ ఒక్క సెక్షన్లనే చూడండ్రి. బయట గడబిడ కావద్దు," అన్నాడు.

సుభాషిణి పెట్టిన పరీక్షకు పేపరూ లేదు, గంటా లేదు. ప్రతి విద్యార్థీ తన వీధిలోని ఒక ఇబ్బందిని ఎంచుకోవాలి. దానికి కారణమేమిటో ఇంట్లో ఒక పెద్ద మనిషికి ఇంటి భాషలో చెప్పాలి. తెలుగైనా, మరాఠీ అయినా, గోండీ అయినా సరే. తర్వాత సుభాషిణి ఆ పెద్దవాళ్లకు ఫోన్ చేసి, ఏం విన్నారని అడుగుతుంది. వాళ్లు తమ మాటల్లో తిరిగి చెప్పగలిగితే విద్యార్థి పాసైనట్టు. క్లాసు మొత్తం నవ్వుకుంది. ఇంత తేలిక పరీక్ష జన్మలో రాలేదని ఒకరి చేతులు ఒకరు చరుచుకున్నారు.

సుభాషిణి మొదటి ఫోన్ ప్రతిభ అనే అమ్మాయి నాయనమ్మ రాజక్కకు చేసింది.

"అమ్మా, ప్రతిభ మీకేం చెప్పిందమ్మా?"

"ఏమో బిడ్డా! గడగడ మరాటీల ఏందో చదివింది. మేడం ఫోన్ చేస్తే సమజైంది అనుమన్నది. సమజైంది బిడ్డా, సమజైంది! పోరికి మంచి మార్కులెయ్యి!"

తెలుగు ఇళ్లలోనే కాదు, మరాఠీ ఇళ్లలోనూ అంతే. పుస్తకంలోని మరాఠీ వంటింటి మరాఠీలోకి దిగిరాలేదు. సతీష్ అయితే వాళ్ల నాన్న ముందు నిలబడి ఏడు కారణాలూ ఏకధాటిగా వల్లించాడు. సమ్మన్న కత్తి పక్కన పెట్టి, "ఏం మంత్రం చదువుతున్నవ్‌రా? దిష్టి తీస్తున్నవా?" అని పగలబడి నవ్వాడు. అక్కడున్న గిరాకీలూ నవ్వారు. సతీష్ మొహం ఎర్రబడింది. ఆ రోజు అన్నం తినలేదు.

ఫోన్లన్నీ అయిపోయేసరికి సుభాషిణి నీరుగారిపోయింది. తొంబైలు తెచ్చుకున్న ఆ సెక్షన్‌లో ఈ పరీక్ష నెగ్గినవాళ్లు పిడికెడు మంది. ఆమె ఉన్నది ఉన్నట్టు పట్టికలో రాసి అనంతరావు బల్ల మీద పెట్టింది.

ఆయన చూశాడు. మళ్లీ చూశాడు. లేచి తలుపు దగ్గరికేశాడు.

"గిది టీం ముంగట పెడితే మన గతేందో తెల్సా? అందరివీ తొంబైలు, మీది గింత! పాత మార్కుల పట్టికనే ఇయ్యండ్రి. బృందం వచ్చేలోపు ఇయ్యకపోతే వచ్చే జూన్‌ల మీకు క్లాసులు ఇయ్యలేను. బెదిరిస్తలేను మేడం, చెప్తున్న."

ఆ ఇంటికి సుభాషిణి సంపాదనే ఆధారం. తండ్రి మల్లేశం గని నుంచి రిటైరై, దుమ్ముతో పాడైన ఊపిరితిత్తులతో ఇంటిపట్టునే ఉన్నాడు. విషయం విని ఐలమ్మ గయ్యిమంది.

"గంత చదువు చదివి, ఇన్నేండ్లు ఇయ్యాల రమ్మంటే పోయి, రేపు వద్దంటే ఊకొని, ఉన్న గీ పని గూడ పోగొట్టుకుంటవా? అందరు రాసినట్టు నువ్వూ రాస్తే నీ సొమ్మేం పోతది?"

"అవ్వా, గా మేక పోయింది సూడు. మా సెక్షన్ల నూటికి తొంబై మందికి అది ఎందుకు పోయిందో తెల్సని రాయాలె. తెల్సినోల్లు గంతమంది ఈ చుట్టుపక్కల ఉంటే, చిర్తపులి మన గోడ దంక ఎందుకొస్తది?"

ఐలమ్మకు కోపం పోలేదు, గిన్నెలు కాస్త గట్టిగానే చప్పుడు చేశాయి. మంచం మీంచి మల్లేశం దగ్గుకుంటూ, "పట్టిక ఇచ్చుడు ఇంకా దూరమున్నది కదనే. పిల్లగాండ్లకు మళ్లొకసారి చెప్పి చూడు బిడ్డా. ఒక్కపారి చెప్తే మాత్రం ఎవలికొస్తది?" అన్నాడు.

ఆ మాట సుభాషిణిని పట్టుకుంది. తను కొలిచి ఊరుకుంది. ఎంత తక్కువ వచ్చిందో లెక్క తేల్చి ప్రిన్సిపాల్ ముందు పెట్టడంతోనే పని అయిపోయిందనుకుంది. కొలిచింది ఎందుకు మరి? లోటు ఎక్కడుందో తెలిశాక దాన్ని పూడ్చకపోతే, తన నిజం పట్టిక కూడా ఆ తొంబైల పట్టికలాగే పనికిరాని కాగితమవుతుంది.

*

మర్నాడు క్లాసులో ఫలితాలు చెప్పగానే దుమారం లేచింది. అందరికంటే ముందు లేచింది సతీష్.

"పోయిన పరీక్షల నాకు పదికి పది ఇచ్చిండ్రు. ఇప్పుడు ఫెయిలంటరు. గదెట్ల మేడం?"

"అప్పుడు నేను చెప్పింది నువ్వు రాసినవ్. అండ్ల నాది ఎంత, నీది ఎంత? ఇప్పుడు ఫెయిలైంది నువ్వొక్కనివే కాదు, నేను గూడ. ఇద్దరం మళ్ల మొదలువెడదాం. ఈసారి నేనేం రాయించ. నువ్వే చెప్పు. మీ బాపు ఎందుకు నమ్మలే?"

సతీష్ గొంతు తగ్గించి, "నాకే నమ్మకం లేకుండె మేడం," అన్నాడు. "కోడి పేగులకు చిర్తపులి వస్తదని పుస్తకంల ఉన్నది గని, నేనెప్పుడు చూడలే కదా."

"మరి చూసేదెట్ల?"

ఆ ప్రశ్నకు ఏ గైడులోనూ జవాబు లేదు. క్లాసంతా గుసగుసలాడుకుంది. రాత్రిపూట గోడెక్కి కూర్చుందామన్నాడొకడు. వాణ్ణి అందరూ కలిసి కూర్చోబెట్టారు. అప్పుడు ప్రతిభ నెమ్మదిగా చెయ్యెత్తింది. ఫోన్‌లో నాయనమ్మ చేత 'సమజైంది' అనిపించిన అమ్మాయే.

"మేడం, మా గచ్చు మీద రోజూ బూడిద పడ్తది. పొద్దుగాల చూస్తే దాని మీద పిల్లి అడుగులుంటయ్. మా నాయనమ్మ తిట్టుకుంట ఊడుస్తది. పిల్లి ఎటు నుంచొచ్చి ఎటు పోయిందో బరాబర్ తెల్సిపోతది..."

ఆమె మాట పూర్తికాకముందే సతీష్ బల్ల మీద చెయ్యి చరిచాడు. ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. చంద్రపూర్‌లో పుట్టిన ప్రతి బిడ్డా బూడిదను తిట్టుకుంటూనే పెరుగుతాడు. అన్నంలో బూడిద, తలలో బూడిద, ఆరేసిన బట్టల మీద బూడిద. ఆ పిల్లలు మొదటిసారి దాన్ని వెతుక్కుంటూ గోనెసంచులు పట్టుకుని బయల్దేరారు. రోడ్డు పక్క పేరుకున్నదీ, డాబాల మీద ఊడ్చి పోగుచేసిందీ మోసుకొచ్చారు. సుభాషిణి అటవీశాఖ గార్డు ఒకామెను పిలిచి, జాగ్రత్తలన్నీ చెప్పించింది. చీకటి పడితే ఎవరూ గోడ దగ్గర ఉండకూడదు, తెల్లారి బాగా వెలుగొచ్చాకే రావాలి.

గోడకున్న కంతకు అటూ ఇటూ, వ్యర్థాలు పారబోసే చోట బూడిదను చాపలా పలుచగా పరిచారు. ఊరికే అక్కడే పరిస్తే ఏం తెలుస్తుంది, ఏమీ పోయని చోట కూడా పరిచి రెంటినీ పోల్చాలి అన్నాడు సతీష్. సుభాషిణి పక్కనే ఉన్నా ఆ మాట ఆమె చెప్పలేదు. విని గబుక్కున తల తిప్పుకుంది, కళ్లలో నీళ్లు కనపడకుండా.

మొదటి రోజు కుక్కల అడుగులు. మర్నాడు కుక్కలు, పందులు. పిల్లలకు ఉత్సాహం చల్లారుతుండగా, ఒక ఉదయం బూడిద మీద గుండ్రంగా, అరచేతంత అడుగు కనపడింది. గోళ్ల గుర్తు లేదు. గార్డు వంగి చూసి తలూపింది. "ఇదే," అంది. వ్యర్థాల దగ్గర అలాంటివి ఒకదాని వెంట ఒకటి ఉన్నాయి. శుభ్రంగా ఉన్న చోట పరిచిన బూడిద మాత్రం పరిచినట్టే ఉంది. తర్వాతి రోజుల్లోనూ అంతే.

సతీష్ పరుగున వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఈసారి ఒక్క మరాఠీ ముక్క మాట్లాడలేదు.

"బాపు, గిది కుక్క అడుగు. గోళ్లున్నయ్ చూడు. గిది పంది. ఇగ గిది చిర్తపులి. మనం పోసిన పేగులకు కుక్కలొచ్చినయ్. కుక్కల కోసం గిదొచ్చింది. గా పక్కన ఎవలు పొయ్యరు, ఆడ ఏ అడుగు లేదు. నువ్వే పోయి చూడు."

సమ్మన్న రెండు చోట్లా తిరిగి చూశాడు. కూర్చుని ఆ అడుగు పక్కన తన అరచెయ్యి పెట్టి చూశాడు. గోడకు ఇవతల కొద్ది దూరంలోనే అతని చిన్న కూతురు హేమలత సాయంత్రాలు బొంగరం ఆడే అరుగు ఉంది. అతని మొహంలో రంగు పోయింది.

"గిన్నొద్దులు నేనే పిలుస్తున్ననా దీన్ని?" అన్నాడు. వెంటనే తేరుకుని కొడుకును నిలదీశాడు. "సరే. సమజైంది. మరి గీ కచరా ఏడ పెట్టాలె? నెత్తి మీద పెట్టుకోవాల్నా?"

అది న్యాయమైన ప్రశ్న. సుభాషిణి రాయించిన ఏడు కారణాల కింద ఏడు నివారణలు కూడా ఉన్నాయి గానీ, ఒక కోళ్ల దుకాణంవాడు సాయంత్రం టబ్బుతో ఎటు వెళ్లాలో వాటిలో ఒక్కటీ చెప్పదు. కాబట్టి సెక్షన్ మొత్తం నడుం కట్టుకుంది. తెలుగు దుకాణాల్లో తెలుగులో, మరాఠీ దుకాణాల్లో మరాఠీలో, మరికొన్ని చోట్ల హిందీలో చెప్పుకుంటూ తిరిగారు. ఒకాయన చెంబెడు నీళ్లు విసిరికొట్టాడు. ఇంకొకాయన, "ముందు మీ సమ్మన్నను ఆపుమనండ్రి," అన్నాడు. సమ్మన్న అప్పటికే ఆపేశాడని విని నీళ్లు నమిలాడు. ఎవరికి ఏ మాట తలకెక్కిందో, ఏది ఎక్కలేదో పిల్లలు రోజూ క్లాసులో చెప్పుకునేవాళ్లు. ఎక్కని మాటను మార్చుకుని మళ్లీ వెళ్లేవాళ్లు. పంచాయతీవాళ్లు అడుగుల ఫోటోలు చూసి, చెత్త తీసుకెళ్లే ఘంటాగాడీని సాయంత్రం దుకాణాల దగ్గరికి కూడా పంపుతామన్నారు. ప్రతి దుకాణం ముందు మూత ఉన్న డ్రమ్ము వెలిసింది. ఊరికి దూరంగా గొయ్యి తీసి, సున్నం చల్లి, వ్యర్థాలను పూడ్చడం మొదలైంది.

గోడ దగ్గర మాత్రం పిల్లలు బూడిద పరుస్తూనే ఉన్నారు. కుక్కలు పలుచబడ్డాయి. పందులు మరో దారి చూసుకున్నాయి. ఆ గుండ్రటి అడుగు మళ్లీ కనపడలేదు.

సుభాషిణి పెద్దవాళ్లకు మళ్లీ ఫోన్లు చేసింది. ఈసారి రాజక్క ఆమెను మాట్లాడనివ్వలేదు. కుక్క అడుగుకు, చిరుత అడుగుకు తేడా ఏమిటో సుభాషిణికే పాఠం చెప్పి, "నీకు సమజైందా బిడ్డా?" అని అడిగింది.

*

పరిశీలన బృందానికి పెద్ద కమలాక్షి. వరంగల్‌లో చాలాకాలం పాఠాలు చెప్పి, తల పండిన ప్రొఫెసర్. మీటింగు హాల్లో అందరూ గోడలకు అతుక్కుపోయి నిలబడ్డారు. అంతకుముందు రోజే సుభాషిణి తన పట్టికను ప్రిన్సిపాల్‌కు ఇచ్చింది. దానిలో పాత మార్కులు లేవు. మొదట పిడికెడు, ఇప్పుడు సగానికి కొంచెం పైన. అంతే. దాన్ని ఆయన బృందం ముందు పెడతాడో, చించి బుట్టలో వేస్తాడో ఆమెకు తెలియదు. జూన్‌లో తనకు క్లాసులుంటాయో ఉండవో తేలేది ఇప్పుడే.

కమలాక్షి పట్టికలు తిరగేస్తోంది. తొంబై. తొంబై ఒకటి. తొంబై. ఆమె కళ్లజోడు పైనుంచి చూసింది.

"ప్రిన్సిపాల్ గారూ, మీ పిల్లలకు రానిదంటూ ఏమీ లేదా? అన్నీ వచ్చేస్తే ఇక ఈ కాలేజీ ఎందుకు?"

అనంతరావు చెమట తుడుచుకున్నాడు. ఒక్క క్షణం సుభాషిణి వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకు అంతుబట్టలేదు. ఆయన తన చేతి సంచి తెరిచి, విడిగా పెట్టిన కాగితం తీశాడు.

"ఉన్నది మేడం. గిదొక్కటి చూడండ్రి. గిది చూపెట్టొద్దని మా మేడంకు నేనే చెప్పిన. పొద్దుగాల నేను దుర్గాపూర్ పోయి చూసొచ్చిన. అందుకే ఇప్పుడు నా చేతులతోని ఇస్తున్న. మా కాలేజీల నిజంగ కొలిచిన పాఠం గిదొక్కటే."

కమలాక్షి ఆ కాగితం ఓపిగ్గా చదివింది. సగానికి కొంచెం పైన అన్న చోట వేలు పెట్టి, "ఇంత తక్కువ ఎందుకమ్మా?" అంది.

"ఇంకా చాలామందికి రాలేదు మేడం. వాళ్లతో మళ్లీ మొదలుపెట్టాం."

ప్రొఫెసర్ లేచి నిలబడింది. "నాకు తెరమీద బొమ్మలు చూపించకండి. ఆ వీధికి తీసుకెళ్లండి."

పొద్దు వాలే వేళకు బృందం కార్లు ఆ వీధిలో ఆగాయి. తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. పిల్లలు గోలగోలగా ఆడుకుంటున్నారు, హేమలత బొంగరం అరుగు దిగి రోడ్డు మీదికొచ్చి గిర్రున తిరుగుతోంది. ఐలమ్మ తీగ మీది బట్టలు తీయడం మరిచిపోయి గుమ్మంలో నిలబడింది. సమ్మన్న చేతులు కడుక్కుని వచ్చి, ఎవరూ అడక్కముందే మొదలుపెట్టాడు.

"అమ్మా, మేం పేగులు పోస్తుంటిమి. పేగులకు కుక్క, కుక్కకు చిర్తపులి. వరుసగ పిలుచుకున్నం. నేను నమ్మలే. మా పోరడు బూడిద పరిచి అడుగు చూపెట్టిండు. ఇగ చూడు, మూతల డ్రమ్ము. నేను పదో తరగతి గూడ దాటలే గని, గీ పాఠం మాత్రం నాకొచ్చింది!"

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. గుంపులో సతీష్ సిగ్గుపడుతూ నిలబడ్డాడు. సుభాషిణి అతని దగ్గరికి వెళ్లి, అందరూ వినేలా అడిగింది.

"సతీష్, ఇప్పుడు చెప్పు. ఇది పేపర్ల రాసేదా, దుకాణం పనా?"

కుర్రాడు తల వంచుకున్నాడు. ఎత్తినప్పుడు మొహమంతా నవ్వే.

"రెండూ ఒక్కటే మేడం!"

ఐలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. లోపలి నుంచి మల్లేశం దగ్గుతూనే, "ఎంతొచ్చినయ్‌నే మన బిడ్డకు మార్కులు?" అని కేకేశాడు. వీధి వీధంతా గొల్లున నవ్వింది. అనంతరావు ముందుకొచ్చి, వచ్చే జూన్ నుంచి ఉమ్మడి పాఠం అన్ని సెక్షన్లలోనూ సుభాషిణి చెప్పినట్టే నడుస్తుందనీ, దాని బాధ్యత ఆమెదేననీ అక్కడికక్కడే ప్రకటించాడు. ఇంకా రానివాళ్ల సంగతేమిటని ప్రతిభ అడిగింది. వాళ్లను తన దగ్గరికి పంపమంది రాజక్క, తను నేర్పుతానంది.

కమలాక్షి గోడ దగ్గరికి నడిచింది. ఆ ఉదయం పరిచిన బూడిద మీద కోళ్ల అడుగులు, ఒక పిల్లి అడుగులు, ఆడుకుంటూ తొక్కిన చిన్నపిల్లల పాదాలు ఉన్నాయి. ఆమె చాలాసేపు వాటినే చూసి, తన వెంట వచ్చిన అధ్యాపకుల వైపు తిరిగింది.

"రేపటి నుంచి మీ పిల్లలు ఏం నేర్చారో తెలుసుకోవాలనుకుంటే వాళ్ల ఊళ్లకు వెళ్లండి," అంది. "కాలేజీ ఏం నేర్పిందో ఆ పిల్లలు బతికే వీధి చెప్పాలి."